శరణార్థి కొత్త బతుకు: చట్టం పెట్టే గడువులు, జీవితానికి పట్టే ఏళ్లు

క్లుప్తంగా: శరణార్థి అమెరికాలో దిగిన రోజునే అరడజను గడువులు ఒకేసారి మొదలవుతాయి. తొలి సాయానికి 90 రోజులు, నగదు సాయానికి 4 నెలలు, విమాన టికెట్టు అప్పుకు 6 నెలలు, గ్రీన్ కార్డు దరఖాస్తుకు ఏడాది, పౌరసత్వానికి 5 ఏళ్లు, వృద్ధుల నెలవారీ సాయానికి 7 ఏళ్లు. మనిషిని త్వరగా ఏదో ఒక పనిలో పెట్టడం వరకు ఈ ఏర్పాటు బాగానే నడుస్తుంది. చదువుకున్నవారు, టీనేజి చివర్లో వచ్చిన పిల్లలు, వృద్ధుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. 2025లో మారిన నిబంధనలతో ఒక గడువు తప్పితే దాని దెబ్బ మరోదాని మీద పడుతోంది.

2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు వరకు సాగిన ఆర్థిక సంవత్సరంలో అమెరికా లక్ష మంది శరణార్థులను తీసుకుంది. మూడు దశాబ్దాల్లో అదే అత్యధికం. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వుతో అదే నెల 27 నుంచి ఆ కార్యక్రమం ఆగిపోయింది. 2026 ఆర్థిక సంవత్సరానికి పెట్టిన గరిష్ఠ పరిమితి 7,500. అందులోనూ ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్లకే, అంటే ప్రధానంగా డచ్ సంతతికి చెందిన తెల్లజాతివారికే. వార్తలన్నీ ఇక ముందు ఎందరు వస్తారన్న అంకె చుట్టూ తిరుగుతున్నాయి. ఇప్పటికే వచ్చి, ఆ గడువుల మధ్యలో నలుగుతున్నవారి సంగతి అంతగా చర్చకు రావడం లేదు.

## ఎవరి గురించి ఈ చర్చ

శరణార్థి, ఆశ్రయం కోరే వ్యక్తి, ఉద్యోగానికి వలస వచ్చిన వ్యక్తి. ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం గందరగోళం పుడుతోంది. ఆశ్రయం కోరేవారు ముందు దేశంలోకి వచ్చి, ఆ తర్వాత కేసు నడుపుకుంటారు. పునరావాస శరణార్థులది వేరే దారి. సొంత దేశం వదిలి పొరుగు దేశంలో, చాలాసార్లు శిబిరాల్లో, ఏళ్ల తరబడి గడిపినవాళ్లు వీళ్లు. వారిలో కొందరి పేర్లను ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ సిఫారసు చేస్తుంది. అమెరికా అధికారులు అక్కడికే వెళ్లి ఇంటర్వ్యూ చేస్తారు. వేలిముద్రలు, భద్రతా తనిఖీలు, క్షయ పరీక్ష పూర్తయ్యాకే విమానం ఎక్కిస్తారు. అంతా సజావుగా సాగినా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే. ప్రపంచంలోని శరణార్థుల్లో ఏటా ఒక్క శాతానికి కూడా ఈ అవకాశం అందదు.

అమెరికాలో ఈ ఏర్పాటుకు పునాది 1980 నాటి శరణార్థుల చట్టం. దాని ప్రకారం వచ్చినవారికి దిగిన నిమిషం నుంచే చట్టబద్ధ హోదా, పని చేసుకునే హక్కు ఉంటాయి. హెచ్-1బీ ఉద్యోగిలా ఒక యజమానికి కట్టుబడి ఉండక్కర్లేదు. ఆ రెండూ తప్ప మిగతావేవీ చేతిలో ఉండవు. భాష రాదు, క్రెడిట్ చరిత్ర (అప్పులు తీర్చిన రికార్డు) లేదు, సిఫారసు చేసే మనిషి లేడు, చదివిన చదువుకు కాగితం ఉండొచ్చు, లేకపోవచ్చు.

## తొలి 90 రోజులు

2025లో కార్యక్రమం ఆగేవరకు ఏర్పాటు ఇలా నడిచింది. విదేశాంగ శాఖతో ఒప్పందమున్న జాతీయ స్వచ్ఛంద సంస్థలు శరణార్థులను పంచుకుని తమ స్థానిక కార్యాలయాలకు పంపేవి. ఏ ఊరికి పంపాలన్నది తేల్చేది ముఖ్యంగా అక్కడ బంధువులున్నారా అన్న ప్రశ్నే. లేకపోతే అద్దెలు, ఉద్యోగాలు, దుబాసీల లభ్యత చూసేవారు. తమకు నచ్చిన ఊరు అడిగే వీలు శరణార్థికి పెద్దగా ఉండేది కాదు.

స్థానిక కార్యాలయం చేయాల్సిన పనులను ఒప్పందం అంగుళం అంగుళం లెక్కగట్టి చెప్పేది. విమానాశ్రయంలో ఎదురుచూడాలి. ఇంటికి చేరేసరికి వాళ్ల అలవాటుకు తగిన వేడి భోజనం ఉండాలి. మర్నాటిలోగా ఒకసారి ఇంటికి వెళ్లి చూడాలి. ఇంట్లో ఏముండాలో కూడా జాబితా ఉండేది: పడకలు, మనిషికో కుర్చీ, మనిషికో కంచం, మనిషికో తువ్వాలు, డబ్బా మూత తీసే పరికరం, రెండు చెత్తబుట్టలు, ఒక అలారం గడియారం. ఆ గడియారం ఊరికే పెట్టింది కాదు. మొత్తం ఏర్పాటు ఎటు చూస్తోందో అదే చెబుతుంది. తెల్లవారుజామున షిఫ్టుకు లేవాలి.

తర్వాత వరుసగా సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు, ఆరోగ్య పరీక్ష, పిల్లలను 30 రోజుల్లోగా బడిలో చేర్చడం, పెద్దలను ఇంగ్లిషు తరగతులకు పంపడం, 18 నుంచి 25 ఏళ్ల మగవారి పేర్లు సైనిక నమోదులో రాయించడం.

ఇక డబ్బు. 2021 నాటి లెక్క ప్రకారం ప్రభుత్వం తలకు 2,275 డాలర్లు ఇచ్చేది. అందులో 1,225 డాలర్లు నేరుగా ఆ మనిషి అవసరాలకు, మిగతాది సంస్థ ఖర్చులకు. తర్వాతి ఏళ్లలో కొంత పెరిగినా తీరు మారలేదు. ఐదుగురున్న కుటుంబానికి 6,125 డాలర్లు వస్తాయి. అద్దె 1,400 అనుకుందాం. మొదటి నెల అద్దె, అడ్వాన్సు కలిపి 2,800 పోతుంది. మరో రెండు నెలల అద్దెకు ఇంకో 2,800. మిగిలేది 525. మంచాలు, గిన్నెలు విరాళంగా దొరక్కపోతే వాటి ఖర్చు కూడా ఇందులోంచే. ఒంటరిగా వచ్చిన వ్యక్తి పరిస్థితి ఇంకా ఇరుకు. 1,225 డాలర్లలో అద్దె, అడ్వాన్సు రెండూ కుదరవు కాబట్టి ముక్కూమొహం తెలియని నలుగురు ఒంటరివాళ్లను ఒకే ఫ్లాటులో పెట్టడం సంస్థలకు అలవాటు. ఖర్చు కుదురుతుంది, మనుషులు కుదరరు. ఒకడు పని దొరికి వెళ్లిపోతే మిగిలిన ముగ్గురి మీద అద్దె పడుతుంది.

## మొదటి పని, మొదటి కారు

ఆ 90 రోజుల సాయం కాక ఆరోగ్య, మానవ సేవల శాఖ కింద నడిచే శరణార్థి నగదు సాయం ఉంటుంది. చిన్నపిల్లలు లేనివారికి ఇదే ఆధారం. చాలా ఏళ్లు ఇది 8 నెలలు. 2021 అక్టోబరు తర్వాత వచ్చినవారికి 12 నెలలకు పెంచారు. 2025 మే 5 నుంచి అర్హత పొందినవారికి 4 నెలలకు కుదించారు. దానికి తోడు విమాన టికెట్టు ఉచితం కాదు. అంతర్జాతీయ వలసల సంస్థ వడ్డీ లేని అప్పుగా ఇస్తుంది, ఆరు నెలల తర్వాత వాయిదాలు మొదలవుతాయి. ఐదుగురి కుటుంబానికి ఇది వేల డాలర్ల అప్పు.

అందుకే మొదటి ఉద్యోగం అంటే దొరికిన ఉద్యోగం. మాంసం, కోడిమాంసం ప్రాసెసింగ్ ప్లాంట్లు, గోదాములు, హోటల్ గదుల శుభ్రత, లాండ్రీలు. వీటికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. పని చూపిస్తే చాలు, ఇంగ్లిషు అక్కర్లేదు. ఒకేసారి పదిమందిని తీసుకుంటారు. ఒక భాష వాళ్లు ఒక షిఫ్టులో ఉంటే వాళ్లలో కాస్త ఇంగ్లిషు వచ్చినవాడే సూపర్‌వైజరుకు దుబాసీ.

తడబాటు ఎక్కడొస్తుందంటే, ఒకటి కాగితం దగ్గర. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9 పత్రానికి శరణార్థి ముద్ర ఉన్న ఐ-94 పత్రం (దేశంలోకి వచ్చినట్టు చూపే నమోదు) చూపితే 90 రోజుల వరకు చెల్లుతుంది. ఆలోగా వర్క్ పర్మిట్ కార్డు గానీ, ఫొటో గుర్తింపుతో పాటు సోషల్ సెక్యూరిటీ కార్డు గానీ చూపాలి. ఈ నిబంధన తెలియని హెచ్‌ఆర్ సిబ్బంది కార్డు వచ్చాకే రమ్మని తిప్పి పంపేస్తుంటారు. అందుకే కుటుంబాల బాగోగులు చూసే సంస్థ సిబ్బందిలో, అంటే కేస్ వర్కర్లలో, అనుభవమున్నవారు నిబంధన ప్రతిని అచ్చు తీసి వెంట ఇస్తారు.

రెండోది ప్రయాణం. షిఫ్టు అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది, బస్సులు అప్పటికే ఆగిపోయి ఉంటాయి. వ్యాన్ ఉన్న తోటి శరణార్థికి వారానికి ఇంతని కట్టి వెళ్లడం మొదటి దశ. తర్వాత సొంత కారు. క్రెడిట్ చరిత్ర లేనివారికి బ్యాంకు అప్పివ్వదు కాబట్టి కారు అమ్మే డీలరే అప్పిచ్చే చోట, భారీ వడ్డీకి పాత కారు కొంటారు. ఒక వాయిదా తప్పితే కారు పోతుంది, కారు పోతే ఉద్యోగం పోతుంది. తొలి రెండేళ్లలో కుటుంబాలు కూలిపోయే తీరుల్లో ఇది ముఖ్యమైనది. టికెట్టు అప్పు వాయిదాలు క్రమం తప్పకుండా కడితే క్రెడిట్ చరిత్ర మొదలవుతుందన్న సంగతి ముందే చెప్పే సంస్థలు ఈ ఉచ్చును కొంత తప్పించగలుగుతాయి.

## జనవరి 1న పుట్టినవాళ్లు

శరణార్థి పత్రాల్లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉండటం సర్వసాధారణం. ఏడాది మాత్రమే తెలిసినవారికి, ఒక్కోసారి అదీ అంచనాగా, శిబిరంలో నమోదు చేసినప్పుడు వేసిన తేదీ అది. ఇంటిపేరు లేని వ్యక్తికి ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో పెట్టి, అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని రాస్తారు. ‘మొదటి పేరు తెలియదు’ అన్న ఇంగ్లిషు మాటలకు పొట్టి రూపమైన ఆ మూడక్షరాలే బడిలో, ఆసుపత్రిలో, జీతం చెక్కు మీద పేరైపోతాయి.

ఇది చూడటానికి చిన్న విషయం. పదిహేనేళ్ల పిల్లాడికి కాగితం మీద పద్దెనిమిది ఉంటే హైస్కూలు చదువుకు మిగిలే కాలం తగ్గిపోతుంది. అరవై ఎనిమిదేళ్ల వృద్ధురాలికి అరవై మూడు అని ఉంటే 65 నిండినవారికిచ్చే నెలవారీ సాయం రెండేళ్లు ఆలస్యం. సరిదిద్దడానికి అసలు జనన పత్రం అడుగుతారు. అది ఉండి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు. కాబట్టి తప్పును విమానం ఎక్కకముందే, పునరావాస కేంద్రం తుది పత్రాలు చదివి వినిపించేటప్పుడే పట్టుకోవాలి.

చిరునామా మరో చిక్కు. ఇల్లు మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి. తెలపకపోతే వేలిముద్రల అపాయింట్‌మెంట్ ఉత్తరం పాత ఇంటికి పోతుంది. హాజరు కాలేదని దరఖాస్తు కొట్టేస్తారు.

## పంపిన ఊరు, వెళ్లిన ఊరు

ప్రభుత్వాలు శరణార్థులను దేశమంతా చెదరగొట్టాలని చూస్తాయి, శరణార్థులు ఒకచోట చేరాలని చూస్తారు. ప్రతిచోటా జరిగిన కథే ఇది. 1972లో అప్పటి ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టిన ఉగాండా ఆసియన్లలో సుమారు 28,000 మంది బ్రిటన్ చేరారు. వలసలు ఎక్కువగా ఉన్న ఊళ్లను ‘ఎరుపు’, మిగతావాటిని ‘ఆకుపచ్చ’ అని విభజించి, ఎరుపు ఊళ్లకు వెళ్లవద్దని అక్కడి పునరావాస బోర్డు నచ్చజెప్పింది. లెస్టర్ నగర పాలక సంస్థ ఏకంగా ఉగాండా పత్రికలో తమ ఊరికి రావద్దని ప్రకటన వేసింది. వేల మంది లెస్టర్‌కే వెళ్లారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ నగర వ్యాపారానికి వాళ్లే పెద్ద అండ.

భూటాన్ నుంచి 1990ల మొదట్లో వెళ్లగొట్టిన నేపాలీ భాషీయులది ఇటీవలి ఉదాహరణ. తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల ఏడు శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపాక, 2008 నుంచి పెద్ద ఎత్తున 8 దేశాలకు తరలారు. మొత్తం 1,13,000 మందికి పైగా. వారిలో 90,000 పైచిలుకు అమెరికాకే వచ్చారు. పదుల రాష్ట్రాలకు పంచి పంపినా కొన్నేళ్లలోనే ఒహాయోలోని కొలంబస్, యాక్రన్, పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్, హారిస్‌బర్గ్ వైపు కదిలిపోయారు. సొంత డబ్బుతో ఇల్లు కొనగలిగేంత తక్కువ ధరలు, గోదాముల్లో పని, పూజారి, కిరాణా కొట్టు, పిల్లల్ని చూసుకోవడానికి ముసలివాళ్లు. ఇవన్నీ ఒకచోట దొరికే ఊళ్లు అవి.

అధికారిక భాషలో దీన్ని రెండో వలస అంటారు. దీనికో ఖరీదు ఉంది. తొలి 90 రోజుల సేవలు మొదటి ఊరితోనే ఆగిపోతాయి, వైద్య బీమా కొత్త రాష్ట్రంలో మళ్లీ మొదటి నుంచి రాయించుకోవాలి, ఆ మధ్యలో మందులు అయిపోతాయి. మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌కు 2001 నుంచి సోమాలీలు తమంతట తాము తరలివచ్చినప్పుడు, ఆ పట్టణంలో ముందస్తు ఏర్పాట్లేవీ లేవు. అయినా లాభం వైపే మొగ్గు ఎక్కువ. సొంత భాషవాళ్ల మధ్య ఉన్నవారికి సంపాదన పెరిగిందని, ప్రభుత్వం ఊళ్లు కేటాయించిన స్వీడన్, డెన్మార్క్ గణాంకాల మీద జరిగిన ఆర్థిక పరిశోధనలు తేల్చాయి.

## డాక్టరు గోదాములో

మొదటి ఉద్యోగం వేగంగా దొరకడమే విజయంగా కొలిస్తే ఎక్కువ నష్టపోయేది చదువుకున్నవాళ్లు. విదేశీ డాక్టరు అమెరికాలో ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా విద్యార్హత ధ్రువీకరణ, యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్షలు, ఆపైన మళ్లీ రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ. మామూలు వలస డాక్టరుకూ ఇదే దారి. శరణార్థికి అడ్డం పడేది ధ్రువీకరణ. పట్టా నిజమైనదేనని కాలేజీయే నేరుగా చెప్పాలి. ఆ కాలేజీ యుద్ధంలో మూతబడి ఉంటే, లేదా వెళ్లగొట్టిన ప్రభుత్వం చేతిలోనే ఉంటే, జవాబు ఎవరిస్తారు?

రోజుకు పది గంటలు పెట్టెలు మోసి వచ్చి పరీక్షకు చదవడం రెండో అడ్డంకి. మూడేళ్లు గడిచేసరికి వైద్యం చేసి ఎన్నాళ్లైందన్న ప్రశ్న ఎదురవుతుంది. కుదిరిన చోట పనికొచ్చిన ఉపాయం ఒకటే: ఆ రంగంలోనే కింది మెట్టు పట్టుకోవడం. డాక్టరు ఆసుపత్రి దుబాసీగానో ల్యాబ్ సహాయకుడిగానో, ఇంజనీరు డ్రాఫ్టింగ్ పనిలోనో చేరితే జీతం మొదట్లో గోదాము కంటే తక్కువే ఉండొచ్చు, కానీ దారి మూసుకుపోదు.

మొత్తంగా చూస్తే లెక్క నష్టమేమీ కాదు. వయోజనులుగా వచ్చిన శరణార్థులు తొలి 20 ఏళ్లలో తాము పొందిన సాయం కంటే సగటున 21,000 డాలర్లు ఎక్కువ పన్ను కట్టారని 2017లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. ఆరేళ్లు దాటాక వారిలో పని చేసేవారి శాతం స్థానికులను మించింది. అదే అధ్యయనంలో పిల్లల సంగతీ ఉంది. 14 ఏళ్లలోపు వచ్చినవారు హైస్కూలు పూర్తిచేయడంలో, కాలేజీలో చేరడంలో స్థానికులతో సమానం. టీనేజి చివర్లో వచ్చినవారు వెనకబడ్డారు. భాష నేర్చుకుంటూనే హైస్కూలు క్రెడిట్లన్నీ రెండు మూడేళ్లలో కూడబెట్టాలి, సాయంత్రం ఇంటి అద్దెకు సాయపడాలి. చాలామందికి పక్కన తల్లిదండ్రులు కూడా లేరు.

## వృద్ధుల ఏడేళ్ల లెక్క

అన్నిటికన్నా కఠినమైన గడువు, బయట ఎక్కువమందికి తెలియనిది ఇదే. 65 దాటిన, లేదా వైకల్యమున్న పేదలకు ఫెడరల్ ప్రభుత్వం నెలనెలా ఎస్‌ఎస్‌ఐ అనే సాయం ఇస్తుంది. శరణార్థికి అది 7 ఏళ్లే. ఆలోగా పౌరసత్వం తెచ్చుకోకపోతే ఆగిపోతుంది.

ఏడేళ్లు చాలవా అనిపిస్తుంది. గ్రీన్ కార్డు తేదీని వచ్చిన రోజు నుంచే లెక్కిస్తారు కాబట్టి ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేయొచ్చు. దరఖాస్తు తేలడానికి నెలలు పడుతుంది. ఇంగ్లిషు చదవాలి, రాయాలి, మాట్లాడాలి. పౌరశాస్త్ర పరీక్ష కూడా ఉంది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవారిని 128 ప్రశ్నల నుంచి 20 అడుగుతున్నారు, 12 సరిగా చెప్పాలి. అంతకుముందు 100లో 10 అడిగి, 6 చెబితే సరిపోయేది. ఏ భాషలోనూ అక్షరం ముక్క రాని డెబ్బై ఏళ్ల రైతుకు ఇది అయ్యే పనేనా?

వయసును బట్టి ఇంగ్లిషు మినహాయింపులు ఉన్నాయి. 50 ఏళ్లు దాటితే 20 ఏళ్ల గ్రీన్ కార్డు నివాసం, 55 దాటితే 15 ఏళ్లు ఉండాలి. 65 దాటినవారికి తేలిక పరీక్ష ఉంది గానీ దానికీ 20 ఏళ్ల నివాసమే షరతు. ఏడో ఏట సాయం ఆగిపోయే మనిషికి పదిహేనో ఏట వచ్చే మినహాయింపు ఎందుకూ కొరగాదు. మిగిలిన ఒకే దారి, వైకల్యం వల్ల నేర్చుకోలేరని డాక్టరు ధ్రువీకరించే ఎన్-648 పత్రం. జబ్బు పేరు రాస్తే చాలదు, ఆ జబ్బు నేర్చుకోవడానికి ఎలా అడ్డమో వివరించాలి. ఎక్కువ తిరస్కరణలు ఆ వివరణ రెండు ముక్కల్లో తేల్చేయడం వల్లే.

కెనడాలో పౌరసత్వ పరీక్ష, భాషా నిబంధన 18 నుంచి 54 ఏళ్లవారికే. శరణార్థి అక్కడ శాశ్వత నివాసిగానే దిగుతారు, ఏడాది ఆగి గ్రీన్ కార్డు అడగక్కర్లేదు. సాయం కూడా సాధారణంగా 12 నెలలు. 1979లో వియత్నాం, లావోస్, కంబోడియా శరణార్థుల కోసం మొదలైన ప్రైవేటు స్పాన్సర్‌షిప్‌లో కనీసం ఐదుగురు పౌరులు లేదా శాశ్వత నివాసులు జట్టుగా ఒక కుటుంబం ఖర్చు భరిస్తూ వచ్చారు. ఇలా వచ్చినవారికి తొలి ఏళ్లలో ఉద్యోగాలు ప్రభుత్వ సాయంతో వచ్చినవారికన్నా ఎక్కువగా దొరికాయి. డబ్బు కంటే, ఐదుగురికి ఉన్న పరిచయాలే అందుకు ప్రధాన కారణమని చెప్పొచ్చు.

మనసు మీద పడే భారం కూడా ఈ లెక్కల్లోంచే వస్తుంది. 2009-2012 మధ్య అమెరికాలోని భూటాన్ శరణార్థుల్లో ఆత్మహత్యల రేటు లక్షకు 20.3గా అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కించింది. దేశ సగటు కంటే చాలా ఎక్కువ. ఆత్మహత్య ఆలోచనలతో ముడిపడి కనిపించిన అంశాల్లో, ఇంటిని పోషించే స్థానంలో లేకపోవడం ఒకటి.

## 2025 తర్వాత: ఒకదాని మీద ఒకటి

2025 జూలైలో వచ్చిన పన్నులు, ఖర్చుల చట్టం శరణార్థులను ఆహార సాయం అర్హుల జాబితా నుంచి తీసేసింది. గ్రీన్ కార్డు వచ్చాకే మళ్లీ అర్హత. ఫెడరల్ వైద్య సాయం మెడికెయిడ్‌కూ 2026 అక్టోబరు నుంచి ఇదే షరతు. గ్రీన్ కార్డుకు ఏడాది ఆగాకే దరఖాస్తు. 2021 జనవరి 20 నుంచి 2025 ఫిబ్రవరి 20 వరకు వచ్చిన శరణార్థుల కేసులను తిరిగి సమీక్షించాలని, వారి గ్రీన్ కార్డు దరఖాస్తులను ఆపి ఉంచాలని 2025 నవంబరులో ఇమిగ్రేషన్ శాఖ అంతర్గత ఆదేశం ఇచ్చింది.

ఈ మూడూ కలిపి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. పైన చెప్పిన ఐదుగురి కుటుంబం చేతిలో మిగిలే 525 డాలర్లు సరిపోతాయన్న లెక్క, తిండి ఖర్చు ఆహార సాయం నుంచి వస్తుందన్న నమ్మకం మీద వేసింది. ఇప్పుడు ఆ తిండి ఖర్చు గ్రీన్ కార్డు మీద, గ్రీన్ కార్డు సమీక్ష మీద ఆధారపడ్డాయి. సమీక్ష ఆగినా వృద్ధుల ఏడేళ్ల గడియారం ఆగదు. పౌరసత్వ దరఖాస్తుకు గ్రీన్ కార్డు తప్పనిసరి కాబట్టి, అక్కడ పోయిన ప్రతి నెలా ఏడేళ్లలోంచే తరుగుతుంది.

పౌరసత్వం రాకముందు చిన్న నేరం కూడా ఎంత దూరం పోతుందో భూటాన్ శరణార్థులకు తెలిసొచ్చింది. నేరశిక్షలున్న కొందరిని 2025 మార్చి నుంచి అమెరికా భూటాన్‌కు తిప్పి పంపింది. భూటాన్ వారిని ఉంచుకోకుండా భారత సరిహద్దుకు చేర్చింది. వారిలో కొందరు అక్కడి నుంచి మళ్లీ నేపాల్‌కే చేరారు, ఈసారి ఏ దేశ పత్రమూ లేకుండా. ఆ తర్వాత నేపాలీ శరణార్థులున్న ఊళ్లలోని సంఘాలు పౌరసత్వ తరగతులతో పాటు, కోర్టులో నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగాలన్న సంగతినీ చెబుతున్నాయి. జరిమానాతో పోయే కేసని డిఫెన్స్ లాయరు చెప్పినా, దేశ బహిష్కరణకు దారి తీసేది చాలాసార్లు ఆ ఒప్పుకోలు పత్రమే.